కుంగిపోయి కలుపు పట్టిన లాన్‌ను ఎత్తు చేయించాము: నా అనుభవం

రాజమహేంద్రవరం శివారులో ఉన్న మా ఇంటి ముందరి లాన్‌ను ఎత్తు చేయించే పని 2025 ఫిబ్రవరిలో మొదలై నవంబరు నాటికి ఒక కొలిక్కి వచ్చింది. మొదట్లో మేము మాట్లాడిన ప్రతివారూ ఇది వారం పది రోజులలో ముగిసే పనేనని, నాలుగు ట్రాక్టర్ల మట్టి తోలించి పైన గడ్డి పరిస్తే చాలునని చెప్పారు. ఆ మాట నమ్మి పనిలోకి దిగే కుటుంబాలు చాలానే ఉంటాయి కాబట్టి, నిజంగా ఏ నెలలో ఏం జరిగిందో, ఎక్కడ ఎంత కాలం ఆగవలసి వచ్చిందో, డబ్బు దేనికి ఖర్చయిందో వరుసగా రాస్తున్నాను.

మా ఇల్లు ఒకప్పటి వరి చేలో వేసిన లేఅవుట్‌లో ఉంది. లాన్ 30 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు. ఇల్లు కట్టిన కొత్తలో ఆ నేల గేటు నుంచి వచ్చే నడవ మట్టానికి సమానంగా ఉండేదని మామయ్యగారు చెబుతారు. ఆ తరువాత అడుగున పోసిన మెరక మట్టి ఏటికేడు కుంగింది. మరోవైపు వీధిలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ రోడ్డు పడింది, దానితోపాటు కాలువ గట్టూ పెరిగింది. చివరికి మా లాన్ వాననీటికి తొట్టిలా మారింది. 2024 వర్షాకాలంలో పెద్ద వాన కురిసిన ప్రతిసారీ అందులో నీరు నిలిచి, ఇంకడానికి రెండు మూడు రోజులు పట్టేది. పచ్చిక కుళ్లిపోయిన చోటల్లా తుంగ, గరిక, పుల్లచింత, గుంటగలగర, ప్రహరీ పక్కన వయ్యారిభామ పెరిగిపోయాయి. మామయ్యగారికి 79 ఏళ్లు. సాయంత్రం పూట చెప్పులు విడిచి పచ్చికలో నడవడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు. ఆ డిసెంబరులో గడ్డి కింద కనబడని గుంటలో కాలు మడత పడి ఆయన పడిపోయారు. ఎముక విరగలేదు, కానీ ఆ తరువాత ఆయన వరండా దిగడం మానేశారు. ఆయన కుర్చీలోంచి ఆ కలుపు వైపు చూస్తూ కూర్చోవడం నాకు చాలా బాధగా ఉండేది. సంక్రాంతి వెళ్లగానే పని మొదలు పెడదామని ఇంట్లో అందరం అనుకున్నాము.

ఫిబ్రవరి మొదటి వారంలో మేస్త్రీగారిని పిలిచి మట్టాలు చూపించాము. ఆయన పారదర్శకమైన సన్నని గొట్టంలో నీరు నింపి, ఒక కొస నడవ మీద, రెండో కొస లాన్‌లో ఒక్కొక్క చోట పట్టి, గోడల మీద సుద్దతో గుర్తులు పెట్టారు. కంటికి నాలుగైదు అంగుళాలని తోచిన పల్లం అంచుల వద్ద 7 అంగుళాలు, నడుమ 14 అంగుళాలు ఉన్నట్టు తేలింది. వీధి కాలువ గట్టు మా లాన్ ముందరి అంచుకన్నా 2 అంగుళాలు ఎత్తుగా ఉంది. అంటే నీరు బయటికి పోవడం అటుంచి, కాలువ నిండితే అందులోని నీరే లోపలికి వస్తుంది. ఈ సంగతి తెలిశాక పని స్వరూపమే మారింది. నేలను నడవకు సమానంగా తేవడంతో సరిపోదు, ఇంటి గోడ నుంచి కాలువ వైపుకు వాటం ఉండాలి. 10 అడుగులకు ఒకటిన్నర అంగుళం వాటం చాలునని, అంతకన్నా ఎక్కువైతే నడిచేవారికి ఏటవాలు తెలుస్తుందని మేస్త్రీగారు చెప్పారు. ఆ లెక్కన ముందరి అంచు కూడా కాలువ గట్టుకన్నా కొంచెం ఎత్తులోనే ఉంటుంది. ఒక్క గొట్టం, ఒక సుద్దముక్క, ఒక ఉదయం. ఈ పని తలపెట్టేవారు మట్టి బేరం ఆడకముందే ఈ కొలత తీయించుకోవాలని గట్టిగా చెబుతాను.

సగటున 8 అంగుళాలు ఎత్తు చేయాలి. 660 చదరపు అడుగులకు అది 440 ఘనపుటడుగులు. వదులు మట్టి తడిసి అణిగితే తగ్గుతుంది కనుక నాలుగో వంతు కలుపుకుంటే 550. ట్రాక్టరు అంటే 100 ఘనపుటడుగులని మాటవరసకు అందరూ అంటారు గానీ, మా ఇంటికి వచ్చిన ట్రక్కును టేపుతో కొలిస్తే 10 అడుగుల పొడవు, ఐదున్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల లోతు, అంటే సుమారు 82 మాత్రమే వచ్చింది. ఆరు ట్రాక్టర్లు అనుకున్నది అక్కడే ఏడు అయింది, తరువాత ఎనిమిది అయింది.

మట్టి తోలించే ముందు కలుపు తీయించడం మీద ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. ఎనిమిది అంగుళాల మట్టి కింద కప్పేస్తే కలుపు దానంతట అదే చస్తుందని మా బంధువు ఒకరు వాదించారు. మిగతా మొక్కల సంగతిలో అది కొంత నిజమే కావచ్చు. తుంగ విషయంలో కాదు. తుంగకు నేలలో గొలుసులా అల్లుకున్న గడ్డలుంటాయి. అవి అడుగు లోతు నుంచి కూడా పైకి మొలవగలవు. పైగా పచ్చి కలుపును కప్పిపెడితే అది కుళ్లి, కుళ్లిన మేరకు పైమట్టి మళ్లీ కుంగుతుంది. కలుపు మందు సంగతీ ఆలోచించాము. గ్లైఫోసేట్ అనే కలుపు మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో చీడల నివారణ లైసెన్సు ఉన్న నిర్వాహకులకే పరిమితం చేసింది. దుకాణంలో కొని మనంతట మనం పిచికారీ చేసుకునే వస్తువు కాదది. మా బోరు ఆ లాన్ అంచునే ఉంది, మామయ్యగారు నడిచేది వట్టి కాళ్లతో. అందుకని చేతితోనే తీయించాలని నిర్ణయించుకున్నాము.

ఫిబ్రవరి రెండో సగమంతా దానికే పట్టింది. కూలికి వచ్చిన వారిలో పొలం పనిలో ఆరితేరిన ఒక పెద్దావిడ ఉన్నారు. తుంగను పైకి లాగవద్దని, పక్కనుంచి గునపం దింపి మట్టిగడ్డతో సహా పెళ్లగించాలని మిగతావారికి ఆవిడే చూపించారు. "లాగితే ఆకే వస్తదండీ అమ్మగారూ, గడ్డ లోపలే ఉండిపోద్ది. తల్లి గడ్డ తెగిందంటే పిల్ల గడ్డలన్నీ లేస్తాయి" అని ఆవిడ చెప్పిన మాట అక్షరాలా నిజమని ఆ తరువాతి నెలలు రుజువు చేశాయి. పెళ్లగించిన మట్టిని ఇసుక జల్లెడలో జల్లించి, గడ్డలను ఏరి, ఎండబెట్టి కాల్చివేశారు. వయ్యారిభామను పూత రాకముందే, చేతులకు తొడుగులు వేసుకుని తీయించాము. దాని పుప్పొడి, ఆకు తగిలితే చాలామందికి ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. కలుపు తీతకు, పైనేల తవ్వకానికి కలిపి కూలి 14,000 రూపాయలయింది. గుత్తకు ఇచ్చివుంటే తక్కువలో పోయేది. కానీ గుత్త పనిలో గడ్డలు ఏరే ఓపిక ఎవరికీ ఉండదు.

నడుమనున్న పల్లం ఎందుకంత లోతో మార్చి మొదటి వారంలో తెలిసింది. రెండడుగులు తవ్వగానే పాత కొబ్బరి చెట్టు మొదలు పీచుపీచుగా కుళ్లి కనబడింది. దాని పక్కనే ఇల్లు కట్టినప్పుడు సున్నం కలిపిన గుంట, అందులో విరిగిన ఇటుకలు, గట్టిపడిన సిమెంటు బస్తాలు, చెదలు తిన్న సెంట్రింగు చెక్కలు ఉన్నాయి. చెక్క, మొదలు కుళ్లుతున్న కొద్దీ పైనేల దిగిపోతూ వచ్చిందన్నమాట. పైనుంచి ఎంత మట్టి పోసినా మళ్లీ రెండేళ్లకు అక్కడే గుంట పడేది. ఆ చెత్తంతా ఎత్తించి, ఇటుక ముక్కలను మాత్రం అడుగున వేసి, ఆరేసి అంగుళాల పొరలుగా పాత మట్టినే నింపి, ఒక్కో పొరనూ తడిపి దిమ్మిసతో కొట్టించాము. దిమ్మిస పని చూడటానికి సులువుగా ఉంటుంది గానీ గంటసేపు కొట్టినవారి భుజాలు పడిపోతాయి. మజ్జిగ, నిమ్మరసం అందిస్తూ మధ్యమధ్య ఆపించాను. కుంగిన లాన్ ఉన్నవారు అన్ని చోట్లా ఒకేలా కుంగిందా, ఏదైనా ఒక్కచోట గిన్నెలా దిగిందా అని ముందుగా చూసుకోవాలి. గిన్నెలా దిగితే దాని కింద ఏదో ఉంటుంది.

నేల పెరిగితే దానితోపాటు పెరగవలసినవి ఎన్ని ఉంటాయో ఆ నెలలోనే మాకు అనుభవానికి వచ్చింది. మురుగు గొట్టాల ఛాంబర్లు రెండు లాన్‌లోనే ఉన్నాయి. వాటి మీద ఇటుక వరసలు కట్టి మూతలు పైకి తేవాలి, లేకపోతే అవి మట్టిలో పూడిపోతాయి. బోరు కేసింగు గొట్టం నేలకు అడుగు ఎత్తులో మాత్రమే ఉంది. దానికి అతుకు వేసి పెంచకపోతే వాననీరు నేరుగా బోరులోకి దిగే ప్రమాదం ఉంది. తులసికోట అడుగు మెట్టు మునిగిపోతుందని అత్తయ్యగారు బెంగపడ్డారు. కోటను కదపకుండా చుట్టూ రెండడుగుల మేర రాతి పలకలు పరిచి, పాత మట్టం అలాగే ఉంచాము. చిన్న గేటు లోపలికి తెరుచుకుంటుంది. దాని రెక్క కొత్త నేలకు రాసుకుంటుందని మేస్త్రీగారు ముందే పసిగట్టి, రెక్కను రెండంగుళాలు కోయించి మళ్లీ బిగించారు. ఇంటి పునాది పీఠం నేలకు రెండడుగుల ఎత్తు ఉండటం మా అదృష్టం. ఎంత పెంచినా పీఠం కిందుగా కనీసం అరడుగు గోడ బయటికి కనబడాలి. లేకపోతే గోడకు చెమ్మ ఎక్కుతుంది, చెదలకు దారి దొరుకుతుంది. పీఠం తక్కువగా ఉన్న పాత ఇళ్లవారు ఇంటి వైపు నేలను పెంచకపోవడమే మంచిది.

ప్రహరీ విషయంలో మేస్త్రీగారి సలహా నాకు చాలా నచ్చింది. మాది సన్న ఇటుక గోడ. అటువైపు పొరుగింటివారి నేల పల్లంలో ఉంది. ఇటువైపు అదనంగా తడి మట్టి ఒత్తితే గోడ వాలవచ్చు, చెమ్మ వారి వైపుకు దిగవచ్చు. అందుకని గోడ వెంట అడుగు వెడల్పున మట్టి వేయకుండా, కంకర పరిచిన సన్నని కాలువ తీసి ముందరి కాలువకు కలిపారు. పని మొదలు పెట్టేముందే నేను, మావారు వెళ్లి పొరుగువారికి ఈ ఏర్పాటంతా చెప్పి వచ్చాము. మట్టి ట్రాక్టర్లు వీధిలో నిలిచిన రోజులలో వారి సహకారం మాకు ఎంతగా ఉపయోగపడిందో చెప్పలేను.

అన్నిటికన్నా నాకు భయమేసింది సపోటా చెట్టు గురించి. అది లాన్ మూలలో ఉంది, ఏటా బుట్టల కొద్దీ కాస్తుంది. కాండం మొదలును మట్టితో కప్పితే బెరడు కుళ్లుతుంది, వేళ్లకు గాలి అందక చెట్టు రెండు మూడేళ్లలో నెమ్మదిగా ఎండిపోవచ్చు. చెట్టు చుట్టూ మూడడుగుల దూరంలో, మట్టి వదిలి నీరు పోయేలా సందులు ఉంచి ఇటుకలతో వలయం కట్టించి, లోపల పాత మట్టాన్నే ఉంచాము. ఛాంబర్లు, బోరు, గేటు, కంకర కాలువ, ఈ వలయం, గుంట పూడ్పు అన్నిటికీ మేస్త్రీ కూలి, ఇటుకలు, సిమెంటు కలిపి 21,500 రూపాయలు. మట్టి ఖర్చుకన్నా ఇది ఎక్కువ. ఎవరి అంచనాలోనూ ఈ పద్దు లేదు.

మార్చి ఆఖరు వారంలో రాజానగరం వైపు నుంచి వచ్చే ఎర్రమట్టి నాలుగు ట్రాక్టర్లు దింపించాము. ట్రాక్టరు 2,200 రూపాయలు. మొదటిది బాగానే ఉంది. రెండోదానిలో గ్రావెలు కలిసి ఉంది. తోలినాయన ఎర్రగా ఉంటే ఎర్రమట్టేనని వాదించాడు. గ్రావెలు ఇంటి మెరకకు మంచిదే, కానీ గడ్డి వేరు దానిలో దిగదు. దానిని నడవ పక్కకు మళ్లించి, తరువాతి లోడులను వీధిలోనే పిడికెడు తీసి తడిపి చూసి, ఉండ కట్టి మళ్లీ సులువుగా విడిపోతేనే దింపించాము. పాత నేలను పారతో పైపైన గీరి గరుకు చేసి, దాని మీద కొత్త మట్టిని రెండు పొరలుగా పరిచారు. నున్నటి పాత నేల మీద నేరుగా పోస్తే రెండు పొరల మధ్య నీరు నిలుస్తుంది. మట్టి సర్దడానికి అయిన కూలి, తరువాత జులైలో అయినదానితో కలిపి 6,000.

ఇక్కడి నుంచి నిరీక్షణ మొదలైంది. ఏప్రిల్ నడిమికల్లా కింది పొర సిద్ధంగా ఉంది. గడ్డి వేసేయమని అందరూ తొందరపెట్టారు. కొత్త మట్టిని ఒక వేసవి ఎండకు, ఒక వర్షాకాలపు ఆరంభానికి వదిలేయాలని నేను పట్టుబట్టాను. ఎండతో కలుపు గింజలను చంపే పద్ధతి ఒకటి ఉంది. నేలను బాగా తడిపి, పైన పారదర్శకమైన పలుచని పాలిథిన్ పట్టా పరిచి, అంచులను మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి. లోపలి వేడికి పై రెండు మూడు అంగుళాలలోని గింజలు చాలావరకు చస్తాయి. దుకాణాలలో అందరూ నల్ల పట్టా లేదా నీలి టార్పాలిన్ ఇవ్వబోయారు. నల్లది ఎండను తానే పీల్చుకుంటుంది, నేలకు అంత వేడి అందదు. చివరికి మార్కెట్టులో 200 గేజి పారదర్శకమైన పట్టా, అంటే 50 మైక్రాన్ల మందం ఉన్నది, 2,900 రూపాయలకు దొరికింది. ఏప్రిల్ మూడో వారంలో పరిచాము. పట్టా లోపలి వైపు నీటి బిందువులు పడుతూ ఆరుతూ ఉండటం చూసి మామయ్యగారు రోజూ ఆసక్తిగా అడుగుతుండేవారు.

పట్టా పరిచిన మూడో వారానికి తుంగ దానిని చీల్చుకుని బయటికి వచ్చింది. సూదిలాంటి ఆ మొలకలు పట్టా మీద ఆకుపచ్చగా నిలబడటం చూసినప్పుడు నా ప్రాణం ఉసూరుమంది. అంత శ్రమపడి ఏరించిన గడ్డలలో మిగిలినవి కొన్ని, కొత్త మట్టితో వచ్చినవి కొన్ని. కానీ పట్టా ఎత్తాక తేడా స్పష్టంగా కనబడింది. వయ్యారిభామ, గలిజేరు, పల్లేరు వంటి గింజ మొక్కలు ఒక్కటీ లేవు. పట్టా చాలక వదిలేసిన నడవ వైపు పట్టీలో అవన్నీ ఒత్తుగా మొలిచాయి. అంటే ఎండ గింజలను చంపింది, లోతునున్న తుంగ గడ్డలను చంపలేకపోయింది. ఆ తేడా తెలిసి ఈ పద్ధతి వాడుకుంటే నిరాశ ఉండదు.

ఆ ఏడు నైరుతి రుతుపవనాలు ముందే వచ్చాయి. మే 24న కేరళను తాకి, ఒకటి రెండు రోజులలోనే ఆంధ్రప్రదేశ్‌లోకి ప్రవేశించాయి. నెలాఖరులో పట్టా తీసేశాము. జూన్ అంతా వానలు నేలను అణచాయి. నెలాఖరుకు మళ్లీ గొట్టంతో మట్టం చూస్తే, కింది పొర సగటున ఒకటిన్నర అంగుళం దిగింది. పాత గుంట చోట అంతకన్నా కొంచెం ఎక్కువ. దిమ్మిసతో కొట్టించిన తరువాత కూడా ఇంత దిగిందంటే, ఏప్రిల్‌లోనే గడ్డి పరిచివుంటే ఆ గడ్డి మొత్తం ఎగుడుదిగుడుగా కుంగిపోయి ఉండేది. జూన్‌లో తడికి లేచిన తుంగను వారానికోసారి గునపంతో తీయిస్తూ పోయాము. ఆకు వేసి కొత్త గడ్డలు కట్టకముందే తీస్తే పాత గడ్డ క్రమంగా నీరసిస్తుంది. నెల తిరిగేసరికి మొలకలు సగానికి తగ్గాయి. ఖాళీ నేల మీద ఈ పని ఎంత సులువో, గడ్డి పరిచాక అంత కష్టం. ఆగినందుకు ఫలితం ఇదే.

జులై రెండో వారంలో పై పొర వేశాము. ఎర్రమట్టి రెండు పాళ్లు, ఇసుక ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు. మట్టికి మరో రెండు ట్రాక్టర్లు తెప్పించాము. రాష్ట్రంలో 2024 జులై నుంచి ఇసుక ఉచితమే అయినా ఎత్తుబడి, రవాణా కలిపి ట్రాక్టరుకు 1,800 అయింది. ఎరువు 3,000. ఎరువు బాగా మాగిందో లేదో చేతితో నలిపి చూడాలి. వాసన రాకుండా, నల్లగా పొడిపొడిగా ఉండాలి. మాగని పెంటలో కలుపు గింజలు బతికే ఉంటాయి, పైగా అది నేలలో కుళ్లుతూ మళ్లీ మట్టాన్ని తగ్గిస్తుంది. దింపిన రోజున కావలసిన మట్టంకన్నా ఒకటిన్నర అంగుళం ఎక్కువగానే పోయించి, పొడవాటి అల్యూమినియం బద్దతో గోడ మీది సుద్ద గుర్తుల ప్రకారం లాగించాము. బద్ద లాగే పనికి ఇద్దరు కావాలి. పక్కనుంచి మూడోవారు వంగి, బద్ద కింద వెలుతురు కనబడిన చోటల్లా మట్టి వేస్తూ ఉండాలి. ఆ మూడోమనిషిని నేనే. ఆ రెండు రోజులు నాకు ఎంతో తృప్తినిచ్చాయి. ఆరు నెలల తరువాత మొదటిసారి నేల నేలలా కనబడింది.

ఆగస్టు మొదటి వారంలో గడ్డి కోసం కడియం నర్సరీలకు వెళ్లాము. మా ఇంటి నుంచి దగ్గరే కావడం మాకు పెద్ద సౌకర్యం. అక్కడ మెక్సికన్ గడ్డి, సెలక్షన్ వన్, నీడకు తట్టుకునే వెడల్పాకు రకం, అన్నీ చాపలుగా కోసి అమ్ముతారు. మెక్సికన్ గడ్డి చూపుకు మెత్తగా ఉంటుంది, తరచూ కోయనవసరం లేదు. కానీ అది ఏళ్లు గడిచేకొద్దీ బుడిపెలు బుడిపెలుగా ఉబ్బుతుంది. కాలు మడత పడిన పెద్దవారు నడవవలసిన చోట బుడిపెలు పనికిరావని సెలక్షన్ వన్ తీసుకున్నాము. చదరపు అడుగు 12 రూపాయల చొప్పున 640 అడుగులకు 7,680, ట్రాలీ ఆటోకు 1,200. పాలిథిన్ మీద పెంచిన చాపల అడుగున అంగుళం మందాన జిగట నల్లమట్టి ఉంటుంది. దానిని అలాగే పరిస్తే వేరు ఆ నల్లమట్టిలోనే చుట్టుకుపోయి కింది ఎర్రమట్టిలోకి దిగడానికి ఆలస్యం చేస్తుంది. ఒక్కో చాపను నీటిలో ముంచి అడుగు మట్టిని సగానికి తగ్గించి పరిచాము. ఈ కడుగుడులో ఇంకొకటి బయటపడింది. చాపలలో కూడా తుంగ గడ్డలున్నాయి. వాటిని అక్కడికక్కడే ఏరించాము. కొనేవారు నర్సరీలోనే నాలుగైదు చాపలు తిరగేసి చూసుకోవాలి.

ఇటుక కట్టుబడిలో లాగా అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా చాపలు పేర్చి, సందుల్లో ఇసుక నింపి, పైన బరువు రోలరు దొర్లించారు. ఈ పనికి 4,500. శ్రావణ మాసపు వానలు మధ్యమధ్య పడుతున్నా, రెండు వారాలపాటు ఉదయం సాయంత్రం నీరు పట్టాము. చాప మూల పట్టుకుని మెల్లగా ఎత్తితే రాకుండా గట్టిగా నిలిచిందంటే వేరు పట్టినట్టు. ఆగస్టు 27న వినాయక చవితి నాటికి చాలావరకు పట్టింది. పూజకు గరిక కావాలని అత్తయ్యగారు ముందే చెప్పి, సపోటా వలయంలో పాత గరిక కొంచెం తీయకుండా ఉంచుకున్నారు. అది ఇప్పటికీ అక్కడ ఉంది, ఇటుకలు దాటి రాకుండా చూసుకుంటున్నాము. మొదటి కోత సెప్టెంబరు రెండో వారంలో. గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకూడదు, కోస్తే పసుపుబారి ఆ ఖాళీల్లో కలుపు దూరుతుంది.

అసలు పరీక్ష అక్టోబరులో వచ్చింది. మొంథా తుఫాను 28వ తేదీ రాత్రి నరసాపురం సమీపంలో తీరం దాటింది. మా ఊళ్లో ఆ రోజంతా, రాత్రంతా గాలీ వానా. కరెంటు లేదు. టార్చి వెలుగులో వరండాలోంచి మాటిమాటికీ చూస్తూనే ఉన్నాను. వీధి కాలువ నిండి గట్టు దాకా వచ్చింది, కానీ లోపలికి రాలేదు. లాన్ మీది నీరు పలుచగా ముందుకు జారి కంకర కాలువలో కలుస్తోంది. తెల్లవారి వాన తగ్గిన గంటకే నడుమ నేల తేరుకుంది. మామయ్యగారు వరండా చివర నిలబడి, చేతికర్రతో పాత గుంట ఉన్న చోటు చూపిస్తూ "అక్కడ నీళ్లు లేవమ్మా" అన్నారు. నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఆ వారంలోనే ఆయన నా చేయి పట్టుకుని పచ్చికలోకి దిగారు. ఇప్పుడు కర్రతో తానే నడుస్తున్నారు.

తుఫాను తరువాత గేటు పక్క మూలలో అరంగుళం లోతున, చాట వెడల్పున ఒకచోట నేల దిగింది. ఇంత చిన్న పల్లానికి గడ్డి తీయనక్కరలేదు. నవంబరులో జల్లించిన ఇసుక, ఎర్రమట్టి, ఎరువు కలిపి పావు అంగుళం మందాన చల్లి, చీపురుతో గడ్డి మొనలు పైకి కనబడేలా సర్దాము. మూడు వారాలలో గడ్డి దాని పైకి వచ్చింది. ఒకేసారి మందంగా వేస్తే కింది గడ్డి ఊపిరాడక చస్తుంది కనుక మిగిలినది తరువాత వేయాలి.

మొత్తం ఖర్చు 75,780 రూపాయలు. జనవరిలో ఒక గుత్తేదారు చెప్పిన అంచనా 35,000. ఆ అంచనాలో మట్టి, గడ్డి, కూలి మాత్రమే ఉన్నాయి. గుంట తవ్వకం, ఛాంబర్లు, బోరు, చెట్టు వలయం, కాలువ లేవు. డబ్బు చాలనివారు ఎక్కడైనా తగ్గించుకోవాలంటే గడ్డిలో తగ్గించుకోవచ్చునని నా అభిప్రాయం. చాపలకు బదులు వేరు ముక్కలను జానెడు ఎడంలో నాటితే గడ్డి ఖర్చు చాలా తగ్గుతుంది. కమ్ముకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ కాలమంతా కలుపు తీయాలి. మట్టం, వాటం, అడుగు గుంట విషయంలో మాత్రం తగ్గించుకోకూడదు. పైన గడ్డి పరిచాక వాటిని సరిచేయాలంటే అంతా మళ్లీ పెళ్లగించవలసిందే.

తుంగ పూర్తిగా పోలేదు. 2026 జనవరిలో ఇది రాస్తున్న సమయానికి వారానికి ఒక దోసెడు మొలకలు వస్తున్నాయి. సన్నని పారమొన ఒకటి చేయించుకుని, నీరు పట్టిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డతో సహా తీస్తున్నాను. అరగంట పని. మిగిలిన ఇసుకను గోనె సంచులకెత్తి మెట్ల కింద పెట్టించాము. గేటు మూలకు రెండో పావు అంగుళం పొర జూన్‌లో తొలి వానలు పడ్డాక, గడ్డి జోరుగా పెరిగే రోజులలో వేయాలని మేస్త్రీగారు చెప్పారు.